గుమ్మం ముందు నది

కింద వీధి, నది ఒడ్డు ఇల్లు
ఎండలు ముదురుతున్న రోజులు

ఒరేయ్ కప్పా,

ఇమామ్ గారూ అని మొదలుపెడదామనుకున్నాను, చెయ్యి రాలేదు. నదిలోంచి నిన్ను బయటికి లాగలేక పిన్ని పెట్టిన పేరే నాకు నోటికొస్తుంది. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా రెండో మాటకే ప్రసంగం అందుకుంటావు, నేను మూడో మాటకే కేకలేస్తాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికైతే మధ్యలో అడ్డు తగలలేవు.

నిన్న కుట్టుషాపు నుంచి వస్తుంటే రంగుల మిల్లు గేటు దగ్గర జనం మూగి ఉన్నారు. ఎవరికో దెబ్బ తగిలిందేమోనని నేనూ తొంగిచూశాను. గేటుకి అద్దం బిగించి, దాని వెనక ఒక కాగితం పెట్టారు. పారే నది నీళ్ళు శుద్ధమైనవేననీ, రంగు మారినంత మాత్రాన వుజూకి పనికిరాకుండా పోవనీ, వాటితో చేతులూ ముఖమూ కడుక్కుని నిక్షేపంగా నమాజు చేసుకోవచ్చనీ రాసి ఉంది. కింద సంతకం ఎవరిదా అని చూస్తే నీది. నీకు అక్షరాలు దిద్దించింది నేనే, ఆ సంతకంలో వంకర కూడా నాకు తెలుసు.

వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. "మీ తమ్ముడే కదమ్మా, భలే గట్టిగా రాశాడు. ఇక మీ వీధివాళ్ళు నోరెత్తలేరు" అన్నాడు. వాడు మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం.

నువ్వుండే ఊరు మిల్లుకి పైన ఉంది. నీ మసీదు కుళాయిలో కొండమీంచి దిగిన నీళ్ళు దిగినట్టే వస్తాయి. అవి మిల్లు దాటి మా దగ్గరికి వచ్చేసరికి ఏమవుతాయో నీకేం తెలుసు? బళ్ళు తెరిచే కాలం కదా, యూనిఫారాల గుడ్డకి రంగు వేస్తున్నారు. నది నెల రోజులుగా నీలంగా పారుతోంది. ఒడ్డున ఆడుకునే పిల్లలకి మోకాళ్ళ దాకా నీలం పట్టింది, వారమైనా వదలదు. వీధిలో ఆడవాళ్ళమంతా కలిసి నీటి ఆఫీసుకి వెళ్ళి గొడవ పెట్టుకుంటే, తాగడానికని రోజూ ఒక ట్యాంకర్ పంపుతున్నారు. మిగతా అవసరాలన్నిటికీ ఆ నీలమే దిక్కు.

కాగితం సంగతి పిన్నికి చెప్పాను. అమ్మా నాన్నా పోయాక మనిద్దరినీ సాకిన మనిషి, ఈ వీధిలో ఏ ఆడమనిషి చనిపోయినా చివరి స్నానం చేయించిన మనిషి. చేతులు వణుకుతున్నాయని ఆ పని నాకు నేర్పి తను మానుకుంది. అంతా వింది. మధ్యాహ్నం నమాజు వేళకి కర్ర పట్టుకుని ఒడ్డుకి వెళ్ళింది. నదికి ఎదురుగా కూర్చుని, రెండు అరచేతులూ మట్టి మీద కొట్టి, ఆ ధూళితో ముఖమూ చేతులూ తుడుచుకుంది. నీళ్ళు దొరకని ఎడారిలో చేసే తయమ్ముమ్‌ని పిన్ని నది పక్కన కూర్చుని చేసింది. జనం చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది.

ఆ కాగితం వెనక్కి తీసుకో.

అక్క

—

మసీదు మేడమీది గది
శుక్రవారం ప్రార్థన తర్వాత

గౌరవనీయురాలైన అక్కకు సలాం.

నీ ఉత్తరం అందింది. భాష కొంచెం కఠినంగా ఉన్నా, ప్రేమతో రాశావనే భావిస్తున్నాను.

నన్ను అడిగిన ప్రశ్న వేరు. ఒండ్రు వల్లా, ఆకుల వల్లా, పాచి వల్లా నది రంగు మారితే అది శుద్ధమేనా అని అడిగారు. శుద్ధమేనని రాశాను. ఏ పండితుణ్ణి అడిగినా అదే చెబుతాడు. దాన్ని ఎవరు ఎక్కడ తగిలించుకున్నారన్నది నా చేతిలో లేదు. మిల్లు పెద్దాయన దైవభీతి ఉన్న మనిషి. ఇక్కడ వుజూ చేసుకునే చోట పాలరాయి పరిపించింది ఆయనే. ముసలివాళ్ళు జారిపడకుండా కమ్మీలు కూడా పెట్టించారు. అలాంటి మనిషిని అనుమానించే ముందు కాస్త ఆలోచించాలి.

ఇవాళ నది మీదే ప్రసంగించాను. స్వర్గం గురించి ఎక్కడ విన్నా కింద నదులు పారే తోటలనే వింటాం. నమ్మకం ఉన్నవాడి బతుకు కూడా అలాగే పారుతుండాలని, నిలిచిపోతే కుళ్ళిపోతుందని చెప్పాను. పిన్ని మనల్ని గుమ్మంలో కూర్చోబెట్టి అడిగే నది ప్రశ్నతో ముగించాను. ముందు వరుసలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఒక మాట మెల్లగా చెప్పు. నీళ్ళుండగా మట్టితో చేసిన తయమ్ముమ్ చెల్లదు. ఆ నమాజులు మళ్ళీ చేసుకోవలసి ఉంటుంది.

ఇమామ్

—

కింద వీధి
అదే ఎండ, అదే నీలం

కప్పా,

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. "మళ్ళీ చేసుకోవలసి ఉంటుంది" అన్న చోట ఆగమంది. ఇంకోసారి చదవమంది. తర్వాత నవ్వింది. ఆవిడ నవ్వితే నాకు భయం.

"వాడికి వుజూ నేర్పింది ఎవరే?" అంది.

"నువ్వే పిన్నీ."

"నది నిండుగా పారుతున్నా ఒక్క చెంబుతో ముగించాలని చెవి మెలేసి నేర్పాను. వృథా చెయ్యకూడదని అంత నేర్పినదాన్ని, నీళ్ళుంటే వదులుకుంటానా? అవి నీళ్ళు కావని చెప్పు వాడికి."

ఇక నా మాట విను. ఒండ్రు, ఆకులు, పాచి అని ప్రశ్న రాసింది ఎవరు? మిల్లువాళ్ళే కదా. ఈ నదిలో ఈత నేర్చుకున్నవాడివి, ఒండ్రు నీళ్ళు ఏ రంగులో ఉంటాయో నీకు తెలియదా? ఏ ఆకు రాలితే నది నీలమవుతుందిరా? ప్రశ్న చదివినప్పుడే నీకు అర్థమై ఉండాలి. అర్థమయ్యే సంతకం పెట్టావని నా కోపం.

ముందు వరుసలో కళ్ళు తుడుచుకున్నారట. పాలరాయి పరిపించినాయన కూడా తుడుచుకున్నాడా?

లారీ డ్రైవర్ చేతికి ఒక సీసా ఇచ్చి పంపుతున్నాను. నిన్న సాయంత్రం మన గుమ్మం ఎదురుగా ముంచిన నీళ్ళే, ఇంకేమీ కలపలేదు. రంగు, వాసన, రుచి, ఈ మూడింటితో నీళ్ళని తేల్చాలని నువ్వు చదువుకుని వచ్చి మాకు పాఠం చెప్పావు. రంగు నీకు మూత తియ్యకుండానే కనిపిస్తుంది. వాసన మూత తియ్యగానే తెలుస్తుంది. మిగిలింది రుచి. వుజూలో నోరు పుక్కిలించాలి కదా. ఆ నీళ్ళతో ఒక్కసారి పుక్కిలించు. ఆ తర్వాత శుద్ధమని రాసివ్వు, నేనే తీసుకెళ్ళి రెండో గేటుకి కూడా అంటిస్తాను.

పిన్ని ఇంకో మాట చెప్పమంది. స్వర్గంలో ఉన్నాయంటున్న నదుల్లో పాలకంటే, తేనెకంటే ముందు చెప్పింది చెడిపోని నీళ్ళ నది గురించేనట. అన్నీ దొరికే చోట ఉత్త నీళ్ళు ఎందుకా అని చిన్నప్పటి నుంచీ ఆవిడకి వింతగా ఉండేదట. "ఇప్పుడు తెలిసిందే. అక్కడి నదికి పైన మిల్లు లేదేమో కనుక్కోమను" అంది.

అక్క

—

మసీదు మేడమీది గది

అక్కా,

సీసా అందింది. నా దగ్గర చదువుకునే పిల్లలంతా మెట్ల మీద ఉండగా డ్రైవర్ దాన్ని పైకెత్తి, "మీ అక్క నీలం షర్బత్ పంపింది" అని అరిచాడు. నీకు కావలసింది అదే అయితే, అయింది. అందరూ నవ్వారు.

ఇక నేనూ దాచకుండా రాస్తాను. నువ్వు కుట్టుషాపులో కుట్టే యూనిఫారాల గుడ్డ ఏ మిల్లుది? నది నీలమైందని ఏడుస్తావు, ఆ నీలాన్నే మిషను కింద పెట్టి కుడతావు. నీ బతుకు గడుస్తున్నది కూడా ఆ రంగు మీదే. నేను సంతకం పెడితే పాపం, నువ్వు కుడితే కాదా?

నా వెనక నిలబడి నమాజు చేసేవాళ్ళలో సగం మంది మిల్లు పనివాళ్ళే. నా మాటతో మిల్లుకి తాళం పడితే వాళ్ళ ఇళ్ళకి నువ్వు వెళ్ళి జవాబు చెబుతావా? ఎవరి మీదో కోపంతో ఫత్వాలు మార్చరు. ధర్మం గురించి నేను నీ దగ్గర నేర్చుకోవలసిన స్థితిలో లేను. తెల్లవారుజాము నమాజుకి పిన్ని లేపితే దుప్పటి లాక్కునేదానివి, నీళ్ళ గురించి నాకు పాఠం చెబుతున్నావు.

నోట్లో పోసుకున్నానా అని మాత్రం అడగకు. చెప్పను.

ఇమామ్

—

కింద వీధి
పొద్దున్నే రాస్తున్నాను

కప్పా,

అవును, కుడుతున్నాను. నా వేళ్ళ సందుల్లో కూడా నీలమే. నువ్వు గుచ్చిన చోట బాగానే గుచ్చావు. కానీ ఆ గుడ్డ పవిత్రమని నేను ఎక్కడా రాసివ్వలేదు. కడుపు కోసం చేస్తున్న పనిని కడుపు కోసమే అన్నాను. నువ్వు దానికి దేవుడి పేరు తగిలించావు. మిల్లు మూసెయ్యమని నేను ఎప్పుడు అడిగాను? రంగు నీళ్ళు శుభ్రం చేసి వదలమని అడుగుతున్నాం. ఆ యంత్రం కొనడం కంటే నీ సంతకం సంపాదించడం తేలిక కాబట్టి వాళ్ళు నీ దగ్గరికి వచ్చారు.

నోట్లో పోసుకోలేదని నాకు తెలుసు. పోసుకుని ఉంటే అంత పొడుగు ఉత్తరం రాసేవాడివి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు రోజులుగా ట్యాంకర్ రావడం లేదు. నీటి ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి గుమాస్తా సొరుగులోంచి నీ కాగితం నకలు తీసి చూపించాడు. "మీ మతపెద్దే నీళ్ళు బాగున్నాయని రాసిచ్చాడు. మీ వీధిలో అందరూ మీవాళ్ళే. ఇంకా ట్యాంకర్ ఎందుకమ్మా?" అన్నాడు. తాగడానికి వేరు, వుజూకి వేరు అని గొంతు చించుకున్నాను. "దేవుడికి పనికొచ్చినవి మీకు పనికిరావా?" అన్నాడు. వీధి మొత్తం నా వైపు చూసింది. నేను నీ అక్కని కదా.

ఇప్పుడు మోటారు బావి దాకా నడిచి తలా ఒక బిందె తెచ్చుకుంటున్నాం. అది గొంతులు తడుపుకోవడానికే చాలడం లేదు.

పిన్ని మంచం పట్టింది. ఇక లేవదు. ఇన్ని స్నానాలు చేయించినవాళ్ళం, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. నిన్న నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఆ రంగుతో కడగకు. నీలంగా దేవుడి ముందుకి వెళ్ళను" అంది. తాగే నీళ్ళు కూడబెడతానన్నాను. "బతికున్నవాళ్ళ గొంతులోంచి తీసి నా మీద పొయ్యకు. అది పాపం" అంది. మంచినీళ్ళు వస్తే వాటితో కడగాలట, రాకపోతే మట్టితో తుడవాలట.

మట్టితో వద్దురా. ఈ వీధి ఆడవాళ్ళందరికీ తలంటు పోసినట్టు పోసిన మనిషి. ఆవిడకి రెండు బిందెల మంచినీళ్ళు కావాలి, నేను అడుగుతున్నది అంతే. ఆ కాగితం ఈ నదికి వర్తించదని ఒక్క వాక్యం రాసి పంపు. ఆఫీసులో గుమాస్తా మొహాన కొడతాను, ట్యాంకర్ వస్తుంది.

ఆలస్యం చెయ్యకు.

అక్క

—

మసీదు మేడమీది గది

అక్కా,

పిన్ని సంగతి విని మనసు పాడైంది. మసీదు కమిటీతో మాట్లాడతాను. పెద్దాయన ఊళ్ళో లేరు, ఆయన రాగానే విషయం కదుపుతాను. తొందరపడి ఏదైనా రాస్తే రెండు వైపులా చెడుతుంది. కొంచెం ఓపిక పట్టు. నేను వచ్చి చూస్తానని పిన్నికి చెప్పు.

తమ్ముడు

—

కింద వీధి

నువ్వు పట్టమన్న ఓపిక పట్టాను. పిన్ని పోయింది.

నిన్న పొద్దున, నమాజు కోసం నా చేత మట్టి పళ్ళెం తెప్పించుకుంది. రెండు చేతులూ దాని మీద పెట్టింది, మళ్ళీ ఎత్తలేదు.

నీకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. మిల్లు కొత్త షెడ్డు తెరుస్తుంటే నువ్వు అక్కడ దీవిస్తూ దువా చేస్తున్నావని సాయంత్రం డ్రైవర్ చెప్పాడు. పెద్దాయన ఊళ్ళోకి వచ్చినట్టున్నాడు కదా, విషయం కదిపావా?

ట్యాంకర్ వస్తుందేమోనని మధ్యాహ్నం దాకా చూశాను. ఈ ఎండకి అంతకంటే ఆపకూడదు. వీధిలో ఆడవాళ్ళు తాగే నీళ్ళ చెంబులు పట్టుకుని మన గుమ్మంలో వరసగా నిలబడ్డారు. పసిపిల్లల తల్లులు కూడా వచ్చారు. నేను తీసుకోలేదు. పిన్ని మాట చెప్పి వెనక్కి పంపించేశాను. వాళ్ళు ఏడుస్తూ వెళ్ళారు, నేను ఏడవలేదు. నాకు ఏడవడానికి తీరిక లేనంత కోపంగా ఉంది.

తలుపు వేశాను. కిటికీ కింద నది చప్పుడు వినిపిస్తూనే ఉంది. అంత నీరు పారుతుంటే, నేను నా రెండు చేతులూ మట్టి మీద కొట్టి పిన్ని ముఖం తుడిచాను. మళ్ళీ కొట్టి చేతులు తుడిచాను. అంతే, అయిపోయింది. అన్ని స్నానాలు చేయించాను, ఎంత వేడి నీళ్ళు, ఎంత సబ్బు, ఎంత కర్పూరం. ఆవిడకి మాత్రం ఒక్క చుక్క లేదు. నా వేళ్ళ నీలం ఆవిడ చెంప మీద అంటిందేమోనని వంగి చూశాను. అంటలేదు.

చనిపోయే ముందు రోజు నన్ను ఆ ప్రశ్నే అడిగింది. "గుమ్మం ముందు నది ఉంది. రోజుకి ఐదుసార్లు మునిగితే ఒంటి మీద మురికి మిగులుతుందా?" ప్రవక్త తన తోటివాళ్ళని అడిగిన ప్రశ్న, ఆవిడ మనల్ని రోజూ అడిగిన ప్రశ్న. ఐదు పూటల నమాజు మనసుని అలా కడుగుతుందని అర్థం చెప్పేది. మనం మిగలదు, మిగలదు అని అరిచేవాళ్ళం, నువ్వు నాకంటే గట్టిగా అరిచేవాడివి. మొన్న నేను జవాబు చెప్పలేకపోయాను. "ఏమే, మర్చిపోయావా?" అంది.

నువ్వు రావద్దు. నీ ప్రసంగంలో పిన్నిని వాడుకోవద్దు.

—

మసీదు మెట్ల మీద, పెట్టె పక్కన
శుక్రవారం సాయంత్రం

అక్కా,

రావద్దన్నావు. పిన్ని పోయిందని డ్రైవర్ చెప్పగానే, నీ ఉత్తరం అందేలోపే నేను వచ్చి వెళ్ళాను. బుధవారం.

చీకటితోనే బస్సు దిగాను. ఇంటికి రావడానికి ముఖం చెల్లలేదు. మన గుమ్మానికి కాస్త కిందగా ఒడ్డున కూర్చున్నాను. తెల్లవారుజాము నమాజుకి ఆ నీళ్ళలో మోచేతుల దాకా ముంచి వుజూ చేశాను. నోట్లో పోసుకున్నాను. చేదు. సబ్బూ ఇనుమూ కలిపినట్టుంది. ఉమ్మేశాను, ఐనా నాలుక మీద ఉండిపోయింది. కాసేపటికి నువ్వు కుట్టుషాపుకి వెళ్తూ నా వెనకనుంచే వెళ్ళావు. పిలుద్దామంటే ఆ నోటితో నిన్ను పిలవబుద్ధి కాలేదు. రాత్రి నమాజు దాకా అక్కడే ఉన్నాను. ఐదు పూటలా అదే నీళ్ళలో చేతులు ముంచాను. తిరిగి బస్సులో వస్తుంటే పక్కన కూర్చున్నావిడ నా చేతులు చూసి లేచి వేరే సీట్లోకి వెళ్ళింది.

ఇవాళ పొడుగు చేతుల చొక్కా వేసుకుని వేదిక ఎక్కాను. పెద్దాయన ముందు వరుసలో ఉన్నారు. పోయిన పిన్ని కోసం మంచి ప్రసంగం చేస్తానని అందరూ అనుకుంటున్నారు. నేను పిన్ని గురించి చెప్పలేదు, ఆమె ప్రశ్న మాత్రం అడిగాను. గుమ్మం ముందు నది ఉంది, రోజుకి ఐదుసార్లు మునిగితే ఒంటి మీద మురికి మిగులుతుందా అన్నాను. మసీదంతా అలవాటుగా, ఒక్క గొంతుతో "మిగలదు" అంది.

చొక్కా చేతులు పైకి మడిచాను. మోచేతుల దాకా నీలం. రెండు చేతులూ ఎత్తి అలాగే నిలబడ్డాను. నాకు కోపం వచ్చిందక్కా. ఎవరి మీదో ముందు తెలియలేదు, తర్వాత తెలిసింది, నా మీదే.

అప్పుడు చెప్పాను. ఈ నది నీళ్ళు వుజూకి పనికిరావు, నేను ప్రశ్నలో మోసం ఉందని తెలిసీ సంతకం పెట్టాను, ఆ ఫత్వా చెల్లదు అని. నువ్వు పంపిన సీసా తీసి పెద్దాయన ముందు పెట్టాను. "శుద్ధమైనవైతే ఒక్కసారి పుక్కిలించండి" అన్నాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. లేచి వెళ్ళిపోయారు. కమిటీవాళ్ళు వెనకే వెళ్ళారు. వెనక వరుసల్లో మిల్లు పనివాళ్ళు కదల్లేదు. ఒకడు చేతులు పైకెత్తాడు. పక్కవాడూ ఎత్తాడు. అవీ నీలమే. ప్రతి శుక్రవారం ఆ చేతులతోనే నాకు కరచాలనం చేశారు, నేను ఒక్కనాడూ కిందికి చూడలేదు.

గది ఖాళీ చెయ్యమన్నారు. పెట్టె సర్దుకున్నాను. కొత్త కాగితం ఇందులోనే పెడుతున్నాను, గుమాస్తా మొహాన కొట్టు. దీన్నైనా రుచి చూసి రాశాను.

పిన్ని ఉండగా ఈ కాగితం రాయలేదు. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. వస్తానని మాత్రం చెబుతున్నాను. నువ్వు తలుపు తియ్యకపోతే ఒడ్డున కూర్చుంటాను.

కప్ప

—

కింద వీధి

కప్పా,

ఇవాళ పొద్దున ట్యాంకర్ వచ్చింది. గుమాస్తా కొత్త కాగితం రెండుసార్లు చదువుకుని, ట్యాంకర్ పంపమని సంతకం పెట్టాడు. నీళ్ళు తళతళ మెరుస్తున్నాయి. వీధిలో పిల్లలు పైపు కింద గంతులేస్తున్నారు. నా వంతు రెండు బిందెలు వచ్చాయి. ఇంట్లోకి తెచ్చి, పిన్ని మంచం పక్కన పెట్టి, వాటిని చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా రెండు బిందెలేరా. నేను నిన్ను అడిగింది అంతే.

నిన్ను క్షమించలేదు. ఎప్పుడు క్షమిస్తానో నాకు తెలియదు, అడగకు. కానీ తలుపు తీస్తాను. రేపు మిల్లు దగ్గరికి వీధి వీధంతా వెళ్తున్నాం, పనివాళ్ళు కూడా వస్తామన్నారు. నువ్వు ముందు నడవాలి.

చేతులు రుద్ది రుద్ది కడగకు. ఆ రంగు అలాగే ఉండనీ. ముందు పిన్ని సమాధి దగ్గరికి వెళ్ళి కూర్చో. ఆవిడ ఆ ప్రశ్నే అడుగుతుంది. ఈసారి నిజం చెప్పు.

అక్క